అట్ట కింద గుర్రబ్బండి

పుస్తకానికి అట్ట వేయకుండా చదవడం నాకు చేతకాదు. చిన్నప్పుడు బడి తెరిచే ముందురోజు ఇంటిల్లిపాదీ కూర్చుని అట్టలు వేసేవాళ్ళం. ఆ అలవాటు నాతోపాటు అమెరికాలోని రెడ్‌మండ్‌కి వచ్చింది. ఇక్కడ బ్రౌన్ షీటు బదులు కిరాణా కొట్టు వాళ్ళిచ్చే కాగితం సంచి, అంతే తేడా. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక ఇంగ్లిష్ నవలకు మాత్రం అట్ట వేయడానికి ఇంకో కారణం ఉంది. దాని ముఖచిత్రం మీద పట్టుగౌను తొడుక్కున్న పిల్ల ఒకతి గుర్రాల పగ్గాలు పట్టుకుని ఉంటుంది. వెనకాల, చొక్కా గుండీలు పెట్టుకోవడం మరిచిపోయిన ఒక జమీందారు.

రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు కథ. ఆడపిల్ల ఒంటరిగా వీధిలోకి వెళ్ళకూడదు, పరాయి మగాడితో బండెక్కితే నలుగురూ చెవులు కొరుక్కుంటారు, సంబంధాలన్నీ పిన్నమ్మలే చూస్తారు. ఇదంతా నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పిల్ల మాత్రం ముసలి సంబంధం తప్పించుకోవడానికి వాళ్ళన్న కోటు తొడుక్కుని అర్ధరాత్రి కిటికీ ఎక్కుతుంది. నేనేమో మా ఆయన వెంట, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద వచ్చి, మా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునే మనిషిని. నిజం చెప్పొద్దూ, కుళ్ళుకుంటూనే చదివాను.

నాకున్న సావాసమల్లా శుక్రవారం పారాయణమే. ఒక పెద్దావిడ ఇంట్లో తెలుగు ఆడవాళ్ళం చేరి అమ్మవారి నామాలు చదివేవాళ్ళం. మొదటి వారమే ఆవిడ నన్ను మధ్యలో ఆపి, "ఒత్తులు పలకడం రాకపోతే మనసులో చదువుకో అమ్మా," అన్నారు, అందరి ముందూ. అప్పట్నుంచి పెదవులు కదపడమే తప్ప గొంతు విప్పలేదు. నోట్లో నాలుక లేనిదాన్నని పేరొచ్చింది. వస్తే రానీ, అక్కడ కూర్చోనిస్తే చాలనుకున్నాను. అందరి పుస్తకాలకూ అట్టలు వేసిపెట్టడమే అక్కడ నేను చేసిన సేవ.

ఆ అట్టలే కొంప ముంచాయి. ఒక శుక్రవారం బస్సులో నవల చదువుకుంటూ వెళ్ళాను. పారాయణానికి ముందు పుస్తకాలన్నీ పీట మీద పెట్టడం ఆనవాయితీ. హడావుడిలో సంచిలోంచి ఒకటి తీయబోయి ఇంకొకటి తీసి పెట్టేశాను. పెద్దావిడ బొట్టు పెట్టి, పైనున్న పుస్తకం కళ్ళకద్దుకుని, నేను గుర్తుకి పెట్టుకున్న రసీదు దగ్గర తెరిచారు. కళ్ళజోడు సవరించుకుని ఆ పేజీ చదివారు.

పక్కనున్న వరంగల్ అమ్మాయి తొంగి చూసింది. "ఇదేంది ఆంటీ, ఇంగ్లిష్‌ల ఉంది?"

అట్ట జారింది. గుండీలు పెట్టుకోని జమీందారు అమ్మవారి ఎదుట ప్రత్యక్షమయ్యాడు.

"ఎవరిదిది?" అన్నారు పెద్దావిడ.

లైబ్రరీ పుస్తకం మీద నా పేరుండదు, నోరు మూసుకుంటే సరిపోయేది. ఈ ఇంటికి రావద్దంటే వారమంతా నాతో తెలుగులో మాట్లాడేది మా ఆయనొక్కరే, ఆయన మాట్లాడేది వీసా గురించే. కానీ నేను బస్సు దిగేసరికి నవల్లో ఆ పిల్ల కిటికీ అంచు మీద నిలబడి ఉంది. అంత ఎత్తున అది నిలబడగా లేనిది, నేను ఒక్క మాట అనలేనా అని నా మీద నాకే ఒళ్ళు మండింది.

"నాదే ఆంటీ," అన్నాను. "నవల. చాలా బాగుంది. పీట మీద పెట్టడం పొరపాటే, చదవడం మాత్రం పొరపాటు కాదు."

ఆవిడ రసీదు మళ్ళీ అదే పేజీలో పెట్టి, పుస్తకం పక్కన ఉంచారు. పారాయణం అయింది, హారతి అయింది. నేను చెప్పుల కోసం లేచాను.

"ఎక్కడికి? కూర్చో." నా చేతిలో పులిహోర పెట్టారు ఆవిడ. "ఇంతకీ ఆ పిల్ల దూకిందా?"

"తెలీదాంటీ. అక్కడే నా స్టాప్ వచ్చేసింది."

"మరి చదువు. తెలుగులో చెప్పు. గట్టిగా, అందరికీ వినపడాలి."

చదివాను. ఆ పిల్ల దూకింది. కోటు చిరిగింది గానీ కాలు విరగలేదు. బండెక్కి పగ్గాలు అందుకుంది. నా ఒత్తులు ఎక్కడెక్కడ పోయాయో ఏమో, ఎవరూ సరిదిద్దలేదు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాను.

"ఆపకక్కా," అంది వరంగల్ అమ్మాయి.

ఆపలేదు.