నల్లతెర ముందు ప్రేమ్‌సాగర్

ప్రేమ్‌సాగర్‌కు చిన్నప్పటి నుంచీ వేళ్లు పూర్తిగా తెరుచుకోవు. చిట్యాల నుంచి మునుగోడు పోయే దారిలో వాళ్ల ఊరు. అక్కడ బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లల్లో చాలామందికి పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. ఇతనికి మెడ, మణికట్లు, వేళ్ల కణుపులు కూడా బిగిసిపోయాయి. ఫ్లోరైడ్ వల్లేనని దవాఖానలో చెప్పారు. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేసరికి అతని డిగ్రీ కూడా అయిపోయింది. తండ్రి లేని ఇంట్లో తల్లి బిక్షమ్మ పత్తి ఏరి, నాట్లకు పోయి చదివించింది. "నాలెక్క వంగి చేసే పని నీతోని కాదు బిడ్డా. కూసోని చేసేది చూసుకో" అనేది.

అలాంటి పనే హైదరాబాద్‌లో దొరికింది. విదేశీ బీమా కంపెనీ ఒకదానికి క్లెయిములు చూసిపెట్టే ఆఫీసు. బల్లల మీద కంప్యూటర్లు కొత్తవే గాని, వివరాలన్నీ సముద్రానికి అవతల మెయిన్‌ఫ్రేమ్ అనే ఒక పాత పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి. దాన్ని ఆఫీసులో హోస్ట్ అంటారు. వెనకటి రోజుల్లో దానికి కలిపి ఉండే తెర, కీబోర్డుల టెర్మినల్‌ను అచ్చంగా అనుకరించే సాఫ్ట్‌వేర్‌లోంచే దానితో మాట్లాడాలి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మౌస్‌తో పని జరగదు. పాలసీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే ఒక పేజీ వస్తుంది. షిఫ్ట్‌తో కలిపి కీబోర్డు పైవరుసలోని మీట నొక్కితే ఇంకో పేజీ వస్తుంది.

అలా రెండు మీటలు కలిపి నొక్కడమే అతనికి గండమైంది. పొద్దు వాలేసరికి మణికట్టు నుంచి మోచేతిదాకా ఒకటే సలుపు. పక్కవాళ్లంతా ముందుకు పోతుంటే ఇతని బల్ల దగ్గర పని పేరుకుపోయేది. ఉద్యోగం పర్మనెంట్ చేసే గడువు దగ్గరపడింది. మేనేజర్ "చూద్దాం" అన్నాడు. ఆ మాటకు అర్థం ప్రేమ్‌సాగర్‌కు తెలుసు.

ఒక మధ్యాహ్నం టీమ్ లీడర్ స్వర్ణ అతని వెనక ఆగింది. ఆమెదీ ఆ వైపే, మోత్కూర్.

"ఏంది ప్రేమ్‌సాగర్, మోచేతితోని షిఫ్ట్ నొక్కుతున్నవ్?"

"వేలు లేస్తలేదు మేడమ్. జర అలవాటైతే స్పీడ్ పెరుగుతది."

"చెయ్యి చూపెట్టు."

అతను సిగ్గుపడుతూ చూపించాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "మా చిన్నమ్మకు గిట్లనే ఉండె. అయినా మీటలన్ని నువ్వే నొక్కాల్నా? దీనితోనే నొక్కిద్దాం పా."

ఆ సాఫ్ట్‌వేర్‌లో మాక్రో అనే సదుపాయం ఉంది. మనం ఒకసారి నొక్కిన మీటలన్నీ వరసగా గుర్తుపెట్టుకుని, తర్వాత ఒక్క మీటతో అన్నింటినీ తానే హోస్ట్‌కు పంపుతుంది. స్వర్ణ మాక్రో తయారుచేసి నడిపించి చూపింది. తన చేతులు ఒళ్లోనే ఉండగా అక్షరాలు వాటంతటవే పడుతుంటే ప్రేమ్‌సాగర్ మళ్లీ ఒకసారి నడిపించమన్నాడు.

కొన్నాళ్లు పని బాగా సాగింది. ఒక సోమవారం హోస్ట్ మందకొడిగా ఉంది. మాక్రోకు అదేం తెలుసు? కొత్త పేజీ రాకముందే మీటలు పంపేసింది. క్లెయిమ్ నంబరు పోయి ఒక ముసలావిడ చిరునామా గడిలో పడింది, సేవ్ కూడా అయిపోయింది. ప్రేమ్‌సాగర్ లేచి గబగబా స్వర్ణ దగ్గరికి పోయాడు.

"మేడమ్, తప్పు పడ్డది. ఆమెకు చెక్కు గిన రాంగ్ అడ్రసుకు పోతే?"

స్వర్ణ అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆ క్లెయిమ్ ఆపించింది. చిరునామా సరిచేశాక గాని ఇద్దరూ తెర ముందు నుంచి లేవలేదు.

"మాక్రోకు కండ్లు లేవు తమ్మీ, మనమే పెట్టాలె" అంటూ ఆమె తెర అడుగు వరుస చూపింది. హోస్ట్ ఆలోచిస్తున్నంతసేపు అక్కడ ఇంటూ గుర్తు ఉంటుంది, కీబోర్డుకు తాళం పడుతుంది. "గా గుర్తు పోయేదాక ఏం పంపొద్దు. పోయినంక గూడ, మనం అడిగిన పేజే వచ్చిందా అని పైన పేరు చదివించు. అప్పుడే తర్వాతి మీట."

అందుకు రికార్డింగ్ చాలదు, ప్రోగ్రాం రాయాలి. ప్రేమ్‌సాగర్ నేర్చుకున్నాడు. ఎంతో ఆలోచించి కొంచెమే నొక్కే పని అది, అతని చేతులకు సరిపోయింది. ఆగు, పేజీ పేరు చదువు, కర్సర్ ఏ గడిలో ఉందో చూడు, అన్నీ కుదిరితే పంపు, ఏది తేడాగా ఉన్నా నిలిచిపోయి మనిషిని పిలువు. మళ్లీ హోస్ట్ మొరాయించిన రోజున అతని ప్రోగ్రాం బుద్ధిగా ఆగింది, ఒక్క గడి కూడా తప్పు పడలేదు. మణికట్టుకు పట్టీ కట్టుకుని పనిచేసే నాగరాజు "నాక్కూడ ఇయ్యి అన్నా" అన్నాడు. తర్వాత టీమంతా అడిగింది. మేనేజర్ ఇక "చూద్దాం" అనలేదు. ప్రేమ్‌సాగర్‌కు ప్రోగ్రాంలు రాసే పనే అప్పగించాడు. లాక్‌డౌన్ నాటి నుంచి ఊళ్లోనే, తల్లి దగ్గరే ఉండి చేస్తున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో బిక్షమ్మ ఇంటి ముందు పందిరి వేయించి దేవునికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన కూడిక పెట్టించింది. స్వర్ణ మోత్కూర్ నుంచి వచ్చింది. దేవుడు చేసిన మేలు గురించి పాస్టరు సాక్ష్యం చెప్పమంటే ప్రేమ్‌సాగర్ లేచి నల్లతెర సంగతి, మీటల సంగతి చెప్పాడు. సగంమందికి అర్థం కాలేదు, అయినా అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు.

భోజనాల దగ్గర బిక్షమ్మ స్వర్ణ విస్తట్లో బగారన్నం మీద ఇంకో గరిటె కూర వేసింది.

"చాలమ్మా! నేనొక్కనాడు చూపెట్టిన గంతే. మిగిలిందంత ఆయనే నేర్చుకున్నడు."

"ఆ చేతులు చూసి అయ్యో అన్నోళ్లు ఊరంత ఉన్నరు బిడ్డా" అంది బిక్షమ్మ. "ఏం జేద్దామా అని పక్కన కూసున్నదానివి నువ్వొక్కదానివే."

స్వర్ణ తలవంచుకుని తిన్నది.

సాయంత్రం చిట్యాల పోయే ఆటో దాకా ప్రేమ్‌సాగర్ ఆమెతో నడిచాడు. ఏదో చెప్పబోతుంటే ఆమె నవ్వింది. "మళ్ల థాంక్స్ అంటవా? కూడికల చెప్పినవ్ గద!"

"అది దేవునికి చెప్పిన అక్కా" అన్నాడతను. "నీకింక చెప్పనే లేదు."