చేదు పగిలిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటికి రెండు దారులుండేవి. ముందువైపు ఏనుగు పట్టేంత గేటు, వెనకవైపు పెరటి తలుపు. ఏడు ఊళ్ల మీద శిస్తు వసూలు చేసిన వంశమని చెప్పుకునేవాళ్లం. నాకు ఊహ తెలిసేసరికి ఆ గేటూ, దాని వెనక వాన కురిసే నాలుగు గదులూ మిగిలాయి. లోపల ఏమీ లేదని బయటివాళ్లకు కనిపించకూడదని మా తాతయ్య ఆ గేటు ఎప్పుడూ మూయించి ఉంచేవారు. వీపు వంచకుండా కూర్చోవడం, నొప్పి పుట్టినా మొహంలో కనిపించనివ్వకపోవడం, ఈ రెండూ నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను.

పెరటి తలుపు దగ్గరికి వారానికి రెండుసార్లు గోదావరి చేపలు తెచ్చే అవ్వ వచ్చేది. కత్తిపీట కాలి కింద అదిమిపెట్టి, చేతులకు బూడిద రాసుకుని చేప కోస్తుంటే నేను ఎదురుగా గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. చేప కడుపులో కార్జాన్ని అంటిపెట్టుకుని ముదురాకుపచ్చ తిత్తి ఒకటుంటుంది. దాన్ని చేదు అనేవాళ్లు. అది పగిలితే ఆ నీరు తగిలిన ముక్క నోట పెట్టలేం. అవ్వ దాన్ని రెండు వేళ్లతో తడిమి చూసేది. తేలిగ్గా ఊడితే తీసేది. అంటుకుపోయి ఉంటే మాత్రం లాగేది కాదు. చుట్టూ ఉన్న కార్జం ముక్కతో సహా కోసి కాకులకు విసిరేది. మంచి ముక్క దండగైపోయిందని నేనంటే, పోతే పోనీండి బాబుగారూ, కంటికి కనపడనిచోట లాగకూడదండి అనేది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు, ఇంకా భూములు మిగుల్చుకున్న ఒక దూరపు బంధువు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తాతయ్య ఆ రోజు గేటు తెరిపించారు. అవ్వ పెద్ద బొచ్చె చేప తెచ్చి, కడుపు చీల్చి, నీళ్లు తోడుకురావడానికి నూతి దగ్గరికి వెళ్లింది. నాకు చెయ్యి ఆగలేదు. ఇన్నిసార్లు చూశాను కదా, ఆమాత్రం నాకు రాదా అనుకున్నాను. తిత్తి కార్జానికి గట్టిగా అంటుకుని ఉంది. లాగాను. నా వేళ్ల మధ్య అది చిట్లింది.

అప్పుడే కేక వేసి ఉంటే సరిపోయేది. నేను బూడిదతో తుడిచేసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అవ్వ వచ్చి, తిత్తి ముందే తీసేశాననుకుందేమో, ముక్కలు కోసింది. వంటింట్లో కూర ఉడికింది.

బంధువు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. తాతయ్య ఆయన్ని చూశారు, తన ముద్ద తిన్నారు, మళ్లీ వడ్డించమన్నారు. ఆయన తింటుంటే ఎవరూ మానడానికి లేదు. పంక్తిలో అందరం ఆ చేదు కూర చివరిదాకా తిన్నాం. మా ఇంటి మర్యాద అలాంటిది.

అతిథి వెళ్లాక అవ్వను పిలిపించారు. ఆమె గిన్నె వాసన చూసింది. తర్వాత నా వంక చూసింది. నా గోళ్ల సందుల్లో ఆకుపచ్చ ఇంకా పోలేదు. తాతయ్య వైపు తిరిగి, నా చేతిలోనే పగిలిందండి అంది. ఇకమీదట ఈ గుమ్మం తొక్కొద్దన్నారు తాతయ్య. ఆమె గంప ఎత్తుకుని పెరటి తలుపు దగ్గర నా పక్కన ఆగింది.

“చేదు పగలడం తప్పు కాదు బాబుగారూ. ఎంతటోళ్ల చేతిలోనైనా పగులుద్ది. పగిలినప్పుడు కేకెయ్యాలండి. అప్పుడు నీళ్లు పోస్తే పోద్ది. దాచిపెడితే కూరంతా పాకుద్ది.”

అప్పటికైనా తాతయ్య దగ్గరికి పరుగెత్తి నిజం చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ తర్వాత చేపలు వేరే మనిషి తెచ్చేది. అవ్వ మా వీధిలోంచి వెళ్లేటప్పుడు మా ఇంటి ముందు మాత్రం కేక వేసేది కాదు.

ఇది జరిగి అరవై ఏళ్లు దాటాక, మా అమ్మాయి దగ్గర మూడు నెలలుండి వద్దామని నేనూ నా భార్యా ఐర్లండులోని కార్క్‌కి వచ్చాం. వచ్చిన కొన్నాళ్లకే కరోనా మొదలై విమానాలు ఆగిపోయాయి. మూడు నెలల చుట్టపుచూపుకి గడువు లేకుండా పోయింది. అల్లుడు మంచివాడు. ఆ మంచితనమే నాకు బరువుగా ఉండేది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయన తెచ్చిన బియ్యం తింటూ కూడా వీపు నిటారుగానే పెట్టుకునేవాణ్ణి.

మొదటి నొప్పి ఏప్రిల్‌లో వచ్చింది. భోజనం చేసిన గంటకు నా భార్య కుడి డొక్క పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. అమ్మాయికి చెబుతానంటే నేనే వద్దన్నాను. అల్లుడింట్లో మంచం పడితే మన పరువేం కానని అన్నాను. వాము నమిలించాను, వేడినీళ్లు తాగించాను. ఆవిడ నెయ్యి మానేసింది, తర్వాత పప్పు మానేసింది, తర్వాత రాత్రి భోజనమే మానేసింది. అమ్మాయికి అనుమానం వచ్చి డాక్టరుతో ఫోన్లో మాట్లాడిస్తానంటే నవ్వి, “గ్రాండ్ అమ్మా, గ్రాండ్” అనేది. ఇక్కడివాళ్లు బాగున్నాననడానికి అనే ఆ మాట ఏడేళ్ల మనవరాలు నేర్పింది. నా భార్యకు వచ్చిన ఇంగ్లీషు ముక్క అదొక్కటే. దాన్ని నా పరువు కాపాడటానికి వాడింది.

ఆగస్టులో చలిజ్వరం వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి. అంబులెన్సులో నన్ను ఎక్కనివ్వలేదు. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వని రోజులవి.

పిత్తాశయం నిండా రాళ్లున్నాయన్నారు. ముందు మందులతో జ్వరం తగ్గించి, పొట్టకు నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ దాన్ని తీసేస్తామన్నారు. సాధారణంగా గంటలో అయ్యే పని అన్నారు. ఆ రోజు నాలుగు గంటలైనా ఫోన్ రాలేదు. వచ్చాక అమ్మాయి స్పీకరు పెట్టి ఫోన్‌ను వంటింటి బల్ల మీద ఉంచింది. ఆపరేషన్ చేసిన ఆవిడ గొంతు పడుచుగా, అలసటగా ఉంది. ఆవిడ ఒక్కో వాక్యం చెప్పి ఆగేది. అమ్మాయి దాన్ని నాకు తెలుగులో చెప్పేది.

పిత్తాశయం గట్టిపడి, కాలేయానికీ పక్కనున్న పేగుకీ అతుక్కుపోయిందట. దాని గొట్టం అసలు పిత్తనాళంలో ఎక్కడ కలుస్తుందో కనిపించలేదట. తెలియకుండా కోస్తే అసలు నాళమే తెగవచ్చు, తెగితే బాగుచేయడం చాలా కష్టమట. పొట్ట పెద్దగా కోసి చూద్దామా అని ఇంకో పెద్ద డాక్టర్ని పిలిచి మాట్లాడిందట. కోసినా ఆ చోటు తేటపడదని ఇద్దరికీ అనిపించింది. అందుకని సంచి తెరిచి రాళ్లు తీసేసి, అందినంతవరకు కోసి, నాళం దగ్గరి మూతి భాగాన్ని అక్కడే వదిలి కుట్టేసింది. తడిసిన కాగితం కుట్టినట్టు ఉందని, పైత్యరసం కారవచ్చని, కారితే బయటికి రావడానికి గొట్టం పెట్టానని చెప్పింది. కారితే ఆ రోజే ఫోన్ చేస్తానంది.

పని సగంలో వదిలేసి ఇంత ధైర్యంగా చెబుతోందేమిటని నేనన్నాను. అమ్మాయి ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చలేదు.

మూడోరోజు పొద్దున మేం అడగకముందే డాక్టరమ్మ ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేకుండా మొదట ఆ మాటే చెప్పింది. గొట్టంలోంచి ఆకుపచ్చగా వస్తోంది, తను వేసిన కుట్టు నిలవలేదంది. ఇంకో డాక్టరు నోట్లోంచి కెమెరా పంపి నాళంలో చిన్న గొట్టం అమరుస్తాడంది. నాకు అరవై ఏళ్ల కిందటి పెరటి తలుపు గుర్తొచ్చింది. పరాయిదేశపు పిల్ల, నేను ఎన్నడూ చూడని మనిషి, చేదు పగలగానే కేక వేసింది.

అప్పుడు ఆవిడ ఒకటి అడిగింది. లోపల అది ఉన్న తీరు చూస్తే వారం పది రోజుల జబ్బులా లేదు, నొప్పి ఎప్పటినుంచి ఉందో ఎవరికైనా తెలుసా అని. పోయిన వారమే మొదలైందని అమ్మాయి జవాబు చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను.

“ఏప్రిల్‌నించి ఉంది. చెప్పొద్దని నేనే అన్నాను. ఆవిడకి చెప్పు.”

అమ్మాయి నా వంక చూసింది. తర్వాత ఫోన్ వైపు తిరిగి నా మాటల్ని ఒక్కటీ తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పింది. వీపు వంచలేదు. మా వంశపు పిల్ల. చెప్పినందుకు థాంక్స్ అని మాత్రం అంది డాక్టరు. ఒక్క నిష్ఠూరమైనా ఆడి ఉంటే నాకు తేలికగా ఉండేది. అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం వేళకు పెట్టింది.

ఆ వార్డులో గుంటూరునుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. తన డ్యూటీ అయ్యాక కూడా ఆగి, ముసుగు, చేతి తొడుగులతోనే ఫోన్ పట్టుకుని నా భార్యను చూపించేది. డాక్టరుకి అంతా చెప్పేశానని నా భార్యతో అన్నాను. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“చెప్పేశారా,” అంది. కొంచెం నవ్వింది. “నలభై ఏడేళ్ల కాపురంలో ఒక్కసారైనా చెప్పారు. పోన్లెండి.”

నొప్పి ఎలా ఉందని అడిగాను. గ్రాండ్ అంటుందనుకున్నాను. “చాలా ఉందండీ” అంది.

నాళంలో గొట్టం అమరింది గాని, అప్పటికే రోగం రక్తంలోకి పాకింది. పన్నెండు రోజులు పోరాడారు, ఆవిడ దక్కలేదు. మనుషులు గుమికూడకూడని రోజులు కాబట్టి ఆవిడ వెంట మేం కొద్దిమందిమే వెళ్లాం. డాక్టరమ్మ ఆ తర్వాత కూడా ఒకసారి ఫోన్ చేసింది. కారిన సంగతి మళ్లీ తానే చెప్పబోయింది. అది నీ చేతిలో పగలలేదమ్మా అని నేను తెలుగులో అన్నాను. ఈసారి అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది.

అవ్వకు బాకీపడ్డ మాటను అరవై ఏళ్లు ఆలస్యంగా, ఇంకో మనిషికి అప్పజెప్పాను. దానివల్ల నా భార్య తిరిగి రాలేదు.

నేనింకా ఇక్కడే ఉన్నాను. వీపు నిటారుగానే కూర్చుంటాను, అది ఈ జన్మకు పోదు. మనవరాలు రోజూ బడికి పోతూ గుమ్మంలో ఆగి, “తాతయ్యా, యూ గ్రాండ్?” అని అడుగుతుంది. నేను ఆ మాట అనను. మోకాలు నొప్పిగా ఉందనో, రాత్రి దగ్గొచ్చిందనో తెలుగులో చెబుతాను. అది సంచీ దించి, “మమ్మీ” అని ఇల్లు అదిరేలా కేక వేస్తుంది.