ఒంటిబుగ్గ పిల్ల, అంగడి ఎద్దు

నా చిన్నప్పుడు నా మొహం ఒక పక్క నిండుగా, ఒక పక్క పీలగా ఉండేది. కుడి దవడ బలిసి, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని బడికి వచ్చినట్టు కనిపించేదాన్ని. ఎంకపల్లి బడిలో నా అసలు పేరు పంతులుగారికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ నేను ఒంటిబుగ్గనే. నాకప్పుడు పదేళ్లు.

మొహం అలా ఎందుకయిందో మా వాడకట్టు ఆడవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. నేను కడుపులో ఉండగా గ్రహణం పట్టిన రోజు మా అమ్మ కదలకుండా పడుకోలేదట. చేట పట్టుకుని జొన్నలు చెరిగిందట. తొమ్మిదేళ్లు ఊరుకుని పదో ఏట పని చేసే గ్రహణం ఎక్కడైనా ఉంటుందా అని ఒక్కరూ అడగలేదు. మా నాయనమ్మయితే వచ్చిన వాళ్లకల్లా ఆ చేట సంగతి చెప్పేది. అమ్మ ఎదురు మాట్లాడేది కాదు. ఆమె కూడా అదే నమ్మింది. సాయంత్రం పూట నా బుగ్గకు నూనె రాస్తూ, “నా తప్పే బిడ్డా,” అనేది.

అసలు సంగతి నాకు తెలుసు. ఏడాదిగా నా ఎడమ దవడ పన్ను పుచ్చిపోయింది. ఏది కొరికినా ప్రాణం పోయినంత నొప్పి. అందుకని అన్నమైనా, రొట్టె అయినా కుడి పక్కనే నమిలేదాన్ని. ఆ మాట ఇంట్లో చెబితే చేవెళ్ల అంగడికి తీసుకుపోతారని నా భయం. అక్కడ గోనెపట్ట పరుచుకుని పట్టకారుతో పళ్లు పీకే మనిషిని ఒకసారి చూశాను. ఇద్దరు పట్టుకుంటే ఆయన పీకాడు. అది చూశాక నేను నోరు విప్పితే ఒట్టు. అమ్మ కళ్లలో నీళ్లు చూసినప్పుడు చెప్పేద్దామని గొంతు దాకా వచ్చేది. వెంటనే పట్టకారు గుర్తొచ్చేది.

మా తాత ఎడ్ల మంచీ చెడూ చెప్పడంలో గట్టివాడు. ఎవరు ఎద్దును కొన్నా ముందు ఆయన్ని తోడు రమ్మనేవారు. ముందరి పళ్లు చూసి వయసు చెప్పడం అందరికీ వచ్చిన విద్యే. తాత మాత్రం ఎద్దు ముందు చొప్ప వేసి, రెండు చేతులూ దాని దవడల మీద ఆనించి, అది మేసినంతసేపు అలాగే నిలబడేవాడు. ఒక అంగడి రోజు, ఎందుకో ఏమో, నన్ను కూడా బస్సెక్కించి చేవెళ్ల తీసుకుపోయాడు. పట్టకారు మనిషి కూర్చునే చోటు వచ్చేసరికి నేను తాత పంచె వెనక దూరాను. ఆయన ఏమీ అడగకుండా ఎడ్ల వైపు నడిచాడు.

అక్కడ ఒక తెల్ల ఎద్దు దగ్గర ఆగి, “నాకు కండ్లు మసక పడ్డయి బిడ్డా. జర నువ్వు పట్టి చెప్పు, రెండు దవడలు ఒక్కతీరుగ ఉన్నయా?” అన్నాడు. అర మైలు దూరం నుంచి ఎవరి ఎద్దు ఏదో చెప్పగలిగిన కళ్లు అవి! ఆ మాటా, చేత్తో పట్టి చూసే పనికి కళ్లెందుకన్న మాటా నాకు తట్టలేదు. పెద్దపనే అప్పజెప్పాడని పొంగిపోయి చేతులు పెట్టాను. ఎద్దు చొప్ప నములుతుంటే కుడి పక్క కండ నా అరచేతిలో గుండ్రాయిలా లేచి పడుతోంది. ఎడమ పక్క ఉలుకూ పలుకూ లేదు.

“ఎడమ దిక్కు మెత్తగున్నది తాతా.”

“ఎందుకట్ల?”

“గా దిక్కు పన్ను నొస్తుండొచ్చు. నొస్తే నమలదు. నమలకుంటే కండ ఎట్లొస్తది?” అనేశాను. ఎద్దుల గురించి నాకేం తెలుసు! తెలిసిందల్లా నా నోరే.

తాత ఎద్దు నోరు తెరిపించి చూస్తే లోపల దవడ పన్ను ఒకటి పగిలి ఉంది. అమ్మేవాడు నెత్తి గోక్కుని, “గీ పిల్లను అంగడికి తోలుకొస్తే మేమెట్ల బతకాలె పెద్దయ్యా!” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఇంకా గర్వంగా నవ్వుతుండగానే తాత పుట్నాల పొట్లం కొని గుప్పెడు నా నోట్లో పోశాడు. నమలమని చెప్పి, ఆ ఎద్దుకు పెట్టినట్టే నా రెండు చెంపలకూ చేతులు ఆనించాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆయన కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, “దవడ బొక్క లేతగున్నప్పుడు కండ గుంజిన తీరున పెరుగుతది బిడ్డా. చొప్ప నమిలిన దూడకు దవడ వెడల్పయితది, ఉత్త కుడితి మీద పెరిగినదానికి సన్నగనే ఉంటది. ముదిరినంక మనం చెప్పినట్టు వినది. నీకింక టైమున్నది,” అన్నాడు. ఏడుస్తూ అన్నీ చెప్పేశాను.

తాత నన్ను తీసుకుపోయింది పట్టకారు మనిషి దగ్గరకు కాదు, దవాఖానకు. అక్కడి డాక్టరమ్మ చూసి నవ్వింది. అది పాలపన్నట. దాని కింద కొత్త పన్ను తయారుగా ఉందట. సూది మందు వేసి, ఒకటి, రెండు అనేలోపే తీసి నా చేతిలో పెట్టింది. రేపో మాపో దానంతటదే ఊడిపోయే పన్ను కోసం ఏడాది పాటు వణికాను.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద నాయనమ్మ, మరో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తాత అమ్మను బయటకు పిలిచి, కాగితంలో చుట్టిన పన్నును అందరి ముందూ ఆమె చేతిలో పెట్టాడు. “గిదిగో బిడ్డా, నీ బిడ్డకు పట్టిన గ్రహణం. పొట్లం కట్టుకొచ్చిన,” అన్నాడు. అమ్మ పన్ను చూసింది, నన్ను చూసింది. వీపు మీద రెండు వేసి, ఆ చేత్తోనే దగ్గరకు లాక్కుని, నవ్వుతూ ఏడ్చింది. నాయనమ్మ ఎన్నడూ లేనిది లేచి వెళ్లి తనే పొయ్యి ముట్టించింది.

ఆ తర్వాత నెలల తరబడి ఎడమ పక్కన జొన్నరొట్టె అంచులు, చెరకు ముక్కలు నమలడమే నా పని. తాత అప్పుడప్పుడూ ఎద్దును చూసినట్టే నా చెంపలు పట్టి చూసి, “కొనొచ్చు,” అనేవాడు. మొహం చాలావరకు సర్దుకుంది. పేరు మాత్రం ఏడో తరగతి దాకా పోలేదు.

ఇప్పుడు మొయినాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఒంట్లో ఏ కాస్త నలత చేసినా ఆ పూటే అందరికీ చెప్పేస్తాను. మోకాలి నొప్పికి ఇంత చాటింపా అమ్మమ్మా అని మనవలు నవ్వుతారు. చాటింపే మరి. నేను భయపడి ఏడాది నోరు మూసుకుంటే, మా అమ్మ ఏడాది తల దించుకుని తిరిగింది.