ఇరవై ఏడో మచ్చ

"నువ్వు చెరిపేసినవాటిలో నిజమైనవి ఎన్నమ్మా?"

ఒఫీలియా బురుయెల్‌ని ఈ మాట అడిగినవాడు లిండ్‌క్విస్ట్, మా భూగర్భ శాస్త్రజ్ఞుడు. అడిగినప్పుడు అతని చేతిలో రెండు ఫొటోలున్నాయి. రెండూ శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చిన్న మంచు చంద్రుడివే. ఒకటి వ్యోమనౌక పంపింది పంపినట్టు, రెండోది ఒఫీలియా శుభ్రం చేశాక. మొదటిదాంట్లో చంద్రుడి అంచు మీద బూడిదరంగు మచ్చ ఉంది. రెండోదాంట్లో లేదు.

అమెరికాలో, టూసాన్ ఊళ్ళో, మా ఆఫీసులో, ఆమె పని అదే. నౌక బయల్దేరిన ఏడాదే కెమెరా అద్దం మీద దుమ్ము పడింది. తుడవడానికి అక్కడికి ఎవరూ వెళ్ళలేరు. ఏ ఫొటో తీసినా నలభై మూడు మచ్చలు అవే చోట్ల పడతాయి. వాటి పటం ఆమె బల్ల పైన గోడకు అంటించి ఉంటుంది, ఒక్కోదానికి ఒక నంబరు. ఆ పటం చూసి, మచ్చ పడ్డ చోటును చుట్టుపక్కల రంగుతో పూడ్చాలి. ఆరేళ్ళలో పదకొండు వందల ఫొటోలు పూడ్చింది. పత్రికలవాళ్ళు విశ్వసౌందర్యం అని మురిసిపోయినవన్నీ ఆ చేతి మీదుగా వెళ్ళినవే. అందులో పూడిక ఎంతో వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు.

పూడ్చడం ఆమెకు ఇంటి విద్య. రాగి గనుల ఊరు గ్లోబ్‌లో తల్లి ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ మొటిమలు సన్నకుంచెతో మాయం చేసేది. ఒకసారి చనిపోయిన గని కార్మికుడి పుట్టుమచ్చ కూడా తీసేస్తే, అతని భార్య "ఈయనెవరో నాకు తెలీదు" అని ఫొటోను బల్లమీద పడేసి పోయిందట. ఒఫీలియా ఈ కథ నవ్వుతూ చెప్పేది, ఆ రోజు దాకా.

"అది ఇరవై ఏడో మచ్చ, డాక్టరుగారూ," అంది పటం మీద వేలు పెట్టి. "సరిగ్గా అక్కడే పడుతుంది."

"ఇంత లావు ఎప్పుడైంది? నీలాగా అదీ రోజుకు రెండు బరీటోలు తింటోందా?"

"మీకు రోజుకో కొత్త వింత దొరక్కపోతే కాఫీ దిగదు. దుమ్మే అది. పందెం?"

"పది డాలర్లు."

అతను వెళ్ళాక ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. తేల్చుకునే దారి ఒకటే: ఆ చంద్రుడు ఫొటోలో ఇంకో మూల పడేట్టు మళ్ళీ తీయాలి. మచ్చ ఉన్నచోటే ఉంటే దుమ్ము, చంద్రుడితో పాటు జరిగితే నిజం. నిజమైతే మాత్రం ఆమె పంపిన పదకొండు వందల్లో ఏదీ నమ్మడానికి లేదు. పైగా నౌక తీయగలిగే ఫొటోలు కొన్నే, ఒక్కోదాని కోసం మా శాస్త్రజ్ఞులు కొట్టుకుంటారు. లిండ్‌క్విస్ట్ వాటా అప్పటికే అయిపోయింది. ఇక అడగాల్సింది ఆమే.

"నీ తప్పు పట్టుకోడానికి నువ్వే ఫొటో అడుగుతున్నావా?" అన్నాడు సమావేశంలో ప్రాజెక్టు పెద్ద.

"మీరెవరూ అడగరు గనక."

ఇచ్చారు. నలభై ఒక్క రోజులు ఆగాలి. ఆ రోజుల్లో ఆమె ఒక ఫొటో శుభ్రం చేయడం, చేసింది మళ్ళీ తీసేయడం. తిండి నిలబడే తినేది. గురువారాలు మా ఆఫీసు జట్టు ఆడే, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్‌కు రావడం మానేసింది. మేం ప్లంబర్ల జట్టు చేతిలో ఓడిపోయాం.

మంగళవారం పొద్దున ఫొటో వచ్చింది. ఇరవై ఏడో మచ్చ తన చోటు వదల్లేదు, వెనక నల్లటి ఖాళీ ఆకాశం. దూరంగా చంద్రుడి అంచు మీద, పాత చోటనే, పల్చటి ఆవిరి తెర. రెండూ ఉన్నాయి. మొదటి ఫొటోలో ఆమె దుమ్మునూ, దాని వెనకున్నదాన్నీ కలిపి పూడ్చేసింది.

"మచ్చ ఉందిగా," అంది ఒఫీలియా.

"ఉంది. ఆవిరీ ఉంది," అన్నాడు లిండ్‌క్విస్ట్.

"ఉంది," అని లేచి గోడ మీది పటం పీకేసింది.

ఆవిరి సంగతి ప్రకటించిన సభలో సృష్టి రహస్యాల గురించి చాలా ఉపన్యాసాలు జరిగాయి. ఆమె రాలేదు. శుభ్రం చేయకముందటి ఫొటోలు గోదాం నుంచి తెప్పించుకుని మొదటిదాని ముందు కూర్చుంది. ఇప్పుడు ఆరువందల పన్నెండో దాని మీద ఉంది. అనుమానించాల్సినవి ఇంకో రెండు దొరికాయి. శుక్రవారం శుక్రవారం లిండ్‌క్విస్ట్ వచ్చి పందెం డబ్బుకు అరచెయ్యి చాపుతాడు.

"అన్నీ చూడనివ్వండి," అంటుంది తలెత్తకుండా. "ఎన్ని పదులు ఇవ్వాలో తెలియాలిగా."

ఆ మొదటి పది డాలర్లు ఇంకా ఇవ్వలేదు.