మూత తియ్యని సీసా

"వాడికి ఆఖరి గ్లాసు పోసింది నువ్వేనా, కాదా?"

బాలచంద్రను పూడ్చిపెట్టి వచ్చిన మగవాళ్ళు వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉండగానే, అతని తల్లి నాగరత్నమ్మ తన అల్లుడు ఢిల్లీబాబును నలుగురిలో నిలబెట్టి అడిగిన మాట ఇది. ఔననో కాదనో ఒక ముక్క చెప్పి తల దించుకుని ఉంటే ఆ పూటకు గడిచిపోయేది. ఢిల్లీబాబు నోట వేరే మాట వచ్చింది.

"అది గోధుమ బీరత్తా. దాంట్లో పెద్ద మత్తేముండదు."

ఆ మాటతో అతని కాపురం విరిగింది. అతని భార్య పంకజాక్షి చనిపోయినవాడికి అక్క. ఆ సాయంత్రమే పుట్టింటి గడపలో నిలబడి, "నేనీడే ఉంటా. నువ్వు పో" అంది.

ఢిల్లీబాబుది కల్లు గీసే ఇల్లు. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఈతచెట్లు పోయి మామిడితోటలు లేచాక తాత కత్తి అటక ఎక్కింది, మనవడు బెంగళూరు బస్సెక్కాడు. అక్కడ బీరు కాచి అక్కడే అమ్మే ఒక పెద్ద హోటల్లో మొదట డ్రమ్ములు కడిగాడు, తర్వాత మొలకెత్తిన బార్లీ మోశాడు, ఆ తర్వాత కాచడమూ నేర్చుకున్నాడు. కరోనాలో ఆ హోటలు దివాలా తీశాక తిరిగొచ్చి, హైవే పక్కన రఘునాథ్ అనే ఆసామి బారులో చేరాడు. ఢిల్లీబాబు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఆ బారుకొచ్చేవాళ్ళ దృష్టిలో బీరు రెండే రకాలు: స్ట్రాంగు, కూలింగు లేనిది. సీసా పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోవాలి, గొంతులో దిగేటప్పుడు రుచి తెలియకూడదు, లేచేటప్పుడు మాత్రం కాళ్ళకు తెలియాలి. దాన్ని తాగడం అనరు, ముగించడం అంటారు. ఢిల్లీబాబు చూస్తూ ఊరుకోలేక బల్ల పక్కకు వచ్చి నిలబడేవాడు.

"అట్ట గడ్డ కట్టిచ్చుకుంటే నాలిక సచ్చిపోతాదబ్బా. లాగరంటే, ఈ పల్చటి పసుప్పచ్చ బీరంటే సరే, సల్లంగా తాగు. నల్ల బీరుకి అంత సలవ వద్దు. రోంతసేపు బయట పెట్టు. ఉడకబెట్టిన చెనక్కాయలు నములుతా ఒక్కొక్క గుక్కా తాగు. కాఫీ వాసన వస్తాది సూడు."

"కాఫీ కావాలంటే హోటలుకి పోతా గదప్పా, నీ తావకెందుకొస్తా?" అనేవాళ్ళు లారీ డ్రైవర్లు.

గ్లాసు సబ్బుతో కడిగితే నురగ చస్తుందని అతనికి ఒళ్ళు మండేది, ఉప్పుతోనే తోమేవాడు. గోధుమ బీరు పోసేటప్పుడు చివరి రెండు గుక్కలు సీసాలో ఉంచి, గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న మడ్డితో సహా వంచేవాడు. "మా తాత కల్లూ ఇంతే. పొద్దున తీపి, ఎండెక్కేకొద్దీ పులుపు. ఏ యాళకేది తాగాల్నో తెలిసినోడే తాగుబోతు కాకుండా మిగుల్తాడు" అనేవాడు. రఘునాథ్‌కు ఈ పాఠాలు నచ్చేవి కావు. ఒక్క గ్లాసు మీద అంతసేపు కూర్చుంటే బల్ల ఎప్పుడు ఖాళీ అయ్యేట్టు?

పాఠం చెవికెక్కించుకున్నది ఒక్క బాలచంద్రే. తోట పని తెమిలిన రోజు వచ్చి, మూల బల్ల దగ్గర కూర్చుని, గోధుమ బీరు ఒక్కటంటే ఒక్కటి పోయించుకునేవాడు.

"బావా, అరటిపండు వాసనొస్తా ఉండాది. పండ్లేమన్నా ఏసినారా దీంట్లో?"

"ఏమీ ఎయ్యలేదురా. పులియబెట్టే ఈస్టు చేసే పని అది."

"మరి మన తోతాపురి మామిడికాయలు ఏసి కాస్తే?"

"నీ తోట మునిగిపోతాది, నా ఉద్యోగమూ పోతాది. మూసుకోని తాగు."

పోయినేడు జూన్‌లో ఆ సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాడు. సగం గ్లాసు దిగిందో లేదో ఫోను మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉండడం ఢిల్లీబాబు చూశాడు. అవతలి మాటా వినబడింది. నాగరత్నమ్మది తోట ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచే గొంతు. "యాడుండావురా? గుజ్జు ఫ్యాక్టరీలో ఈ పొద్దు కాయల దుడ్లిస్తా ఉండారంట. వాళ్ళు గేటెయ్యకముందే పో!"

బాలచంద్ర మిగతా సగం గడగడా తాగేశాడు. "రోంతసేపు కూసోని పోరా" అన్నాడు ఢిల్లీబాబు. "వచ్చి కూసుంటా బావా" అన్నాడు వాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఎదుట రోడ్డు మీద, వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న కాయల లారీ. మసక చీకటి. వాడి బండి దాని కిందికి దూరింది. అంతే.

నేరం లారీదా, బీరుదా, హెల్మెట్ లేని తలదా? పోలీసులు ఏదో రాసుకుని వెళ్ళారు. ఊరు బీరని తేల్చేసింది. ఊరికి కావలసింది సులువైన జవాబు. పైగా ఢిల్లీబాబు దాని రకం కూడా చెప్పి పెట్టాడు. ఫోను సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే తను బయటపడతాడు, ఆ తల్లి లోపల పడుతుంది. ఇది త్యాగమని ఎవరైనా అంటే అతనే కసురుకుంటాడు. నోరు రాలేదు, అంతే.

ఆ తర్వాత నురగ పోయింది.

అతను పోసిన ఏ బీరుకూ నురగ నిలవడం మానేసింది. పొంగినట్టే పొంగి, గ్లాసు బల్ల మీద పెట్టేలోపు చదునైపోతుంది. జిడ్డున్న గ్లాసులో నురగ నిలవదని అతనికి తెలుసు. ఉప్పుతో తోమాడు, వేణ్ణీళ్ళతో కడిగాడు, కొత్త గ్లాసులు తెప్పించాడు. అదే సీసా అదే గ్లాసులో రఘునాథ్ పోస్తే నిలుస్తుంది. భయపడే చెయ్యి అంచు వెంబడి జార్చిపోస్తుందని, అప్పుడు నురగ సరిగా కట్టదని కూడా అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన మూల బల్ల వైపు చూడకుండా ఉండలేకపోయాడు. ఆ బల్ల దగ్గర ఎవరైనా కూర్చుంటే లేపి వేరేచోట కూర్చోబెట్టేవాడు. ఎందుకని అడిగితే ఫ్యాను తిరగదనేవాడు. ఫ్యాను వాళ్ళ నెత్తి మీదే తిరుగుతూ ఉండేది.

అటు పంకజాక్షికి కలలు. మామూలుగా మాట్లాడదు గానీ, కలొచ్చిన పొద్దున మాత్రం ఫోను చేస్తుంది.

"తమ్ముడు వాకిట్లో నిలబడుకోనుండాడు. పెదాలు పగిలిపోయుండాయి. దాహం దాహం అంటాడు, నీళ్ళిస్తే వద్దంటాడు."

"ఏం కావాలంట?"

"నాకేం తెలుసు? నిన్నడగమన్నాడు."

అమావాస్య అమావాస్యకూ పటం ముందు వాడికి ఇష్టమైనవన్నీ పెడుతున్నామే, ఇంకేం దాహమని నాగరత్నమ్మ ఏడ్చేది. వాడి దాహం తీరేదాకా నీ గడప తొక్కనని పంకజాక్షి తేల్చి చెప్పింది. కలల మీద నమ్మకం ఉందా లేదా అనే చర్చ ఢిల్లీబాబుకు అనవసరం. అతనికి భార్య ఇంటికి రావాలి.

ఏడాది దినం నాడు ఎవరూ పిలవలేదు. అయినా వెళ్ళాడు.

నడింట్లో పటం. ముందు అరిటాకులో సంగటి, మాంసం కూర, సిగరెట్టు పెట్టె, పక్కన చెమటలు కారుతున్న స్ట్రాంగు బీరు సీసా. మిద్దె మీద కాకికి పెట్టిన ముద్ద ఎండిపోతోంది. కాకి జాడ లేదు. బాలచంద్ర చిన్నాయన వెంకటముని సీసాకు ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. చూసినవాళ్ళు భక్తి అనుకోవచ్చు.

ఢిల్లీబాబు చూపు సీసా మెడ దగ్గర ఆగింది.

"మామా, మూత తియ్యలేదే?"

"యాడన్నా తీస్తారా అల్లుడా? గ్యాసంతా పోదా?"

"పోతే?"

"పోతే అంటాడే! తర్వాత తాగేటోనికి సప్పగుండదా?"

"తర్వాత తాగేదెవురు?"

వెంకటముని గోడ మీది బల్లిని చూశాడు.

"ప్రతి అమావాస్యకీ ఇట్నేనా మామా?"

"ఇట్నే. మా నాయనకి బ్రాందీ గూడా ఇట్నే పెడితిమి. ఆయనేమీ అనలేదే."

ఆ ఇంటి పొదుపు అది. పోయినవాడికి సిగరెట్టు పెట్టె పెడతారు, అంటించరు. బీరు పెడతారు, మూత తియ్యరు. పటానికి చూపించి దండం పెట్టి, చూపించినదాన్ని బతికున్నవాళ్ళు పంచుకుంటారు. పోయినవాడి వంతుకు వచ్చేది చూపొక్కటే.

వంటింటి గుమ్మంలో నాగరత్నమ్మ గరిటె పట్టుకుని ఇదంతా విన్నది.

"అంటే, ఏడాదిగా నా బిడ్డ మూత మీద నోరు పెట్టుకోనుండాడా?"

ఆమె గరిటె వెంకటముని వైపు తిప్పింది.

"తీసెయ్యప్పా మునీ దాన్ని."

"ఇది కాదత్తా, వాడికిది పడదు" అన్నాడు ఢిల్లీబాబు. మళ్ళీ అదే నోరు, మళ్ళీ అదే గోధుమ బీరు.

ఈసారి ఆమె అరవలేదు. "అయితే వాడికి పడేది తే. నువ్వే పొయ్యి" అంది.

బారుకు వెళ్ళి సీసా తెచ్చాడు. చలవ కాస్త తగ్గేదాకా వాకిట్లో పెట్టాడు. "వేడెక్కిపోతాది అల్లుడా!" అని వెంకటముని గింజుకున్నాడు. గ్లాసును ఉప్పుతో తోమి, కడిగి, తడి ఆరకముందే వంచి పట్టుకుని పోశాడు. చివరి గుక్కలు తిప్పి మడ్డితో సహా వంచాడు. నురగ రెండు వేళ్ళ మందాన లేచింది. గ్లాసు పటం ముందు పెట్టి చెయ్యి తీశాడో లేదో, చదునైపోయింది.

"తాగినాడు!" వెంకటముని కేక పెట్టాడు. "సూడండి, పీల్చినట్ట పీల్చేసినాడు!"

ఇంట్లో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారు. పంకజాక్షి పటానికి చేతులు జోడించింది. బారులో రోజూ ఢిల్లీబాబును తినేసే పీడ ఈ ఇంట్లో మహిమ అయి కూర్చుంది. జిడ్డు అనొచ్చు, చేతి వణుకు అనొచ్చు. కానీ గ్లాసు లోపలి అంచుకు నురగ చార అంటుకుని ఉంది. ఒక్కచోట మాత్రం, పెదవి వెడల్పున, తుడిచినట్టు ఏమీ లేదు. అతను తప్ప ఎవరూ అది చూడలేదు.

ఏడుపులు సద్దుమణిగాక పంకజాక్షి అతని ఎదుటికి వచ్చింది.

"వాడు నిదానంగా తాగేటోడు గదా. ఆ పొద్దు ఎందుకట్ట లేసి పరిగెత్తినాడు? ఎవురు పిలిచినారు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నాగరత్నమ్మ ఇటు తిరగలేదు. ఆమె వీపు వింటోంది.

"ఫ్యాక్టరీవోళ్ళు ఫోన్ చేసినారు మే" అన్నాడు. "కాయల దుడ్లిస్తాం, రమ్మని."

"వాళ్ళేనా?"

"వాళ్ళే. ఈ సెవుల్తోనే విన్నా."

గరిటె మళ్ళీ కదిలింది. నాగరత్నమ్మ పళ్ళెంలో సంగటి, కూర పెట్టుకొచ్చి అల్లుడి ముందు ఉంచింది. "తిను" అంది. తర్వాత కూతురి వైపు తిరిగి, "గుడ్డలు సర్దుకోమే. పొద్దు గుంకకముందే మీ ఇంటికి పోండి" అంది.

బండి గుజ్జు ఫ్యాక్టరీ ముందు నుంచి పోయేటప్పుడు పంకజాక్షి చెయ్యి అతని భుజం మీద బిగుసుకుంది. గేటు బయట, రోడ్డు మీదికి, ఈ ఏడు కాయల లారీలు వరుసగా ఆగి ఉన్నాయి.

పోయినేటి కాయలకు ఆ ఫ్యాక్టరీ నాగరత్నమ్మకు ఇవ్వాల్సింది లక్షా పద్ధెనిమిది వేలు. ఇంకా ఇవ్వలేదు.