పక్కవాళ్లను అడిగే డాక్టరు గారు

రామబ్రహ్మం గారికి ఒకటే జబ్బు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, ఆ మనిషి సంగతి పక్కవాళ్లను అడుగుతారు.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. వికలాంగులైన రోగులతో ఎలా మెలగాలో నర్సులకు నేర్పడానికి వచ్చిన ఈ రిటైర్డు డాక్టరు, మొదటి రోజే నర్సు నీలిమ ప్రాణం తోడేశారు. క్యాంటీన్లో ఆమె ప్లేటు పట్టుకుని నిలబడితే, దోసెలు పోసే మజీద్‌ను అడిగారు.

"ఈ అమ్మాయి కారం దోసె తినగలదా?"

"నేనిక్కడే ఉన్నాగా సార్" అంది నీలిమ.

"ఏమంటంది మజీదూ?"

"ఈడనే ఉన్నానంటంది సార్."

"పర్లేదే, మాటలు బానే వచ్చు" అని మెచ్చుకుని వెళ్లిపోయారు.

జ్వరమొచ్చి సెలవడిగినా అంతే. "ఈమెకి నిజంగా జొరమేనా?" అని తోటి నర్సు కృపామణిని అడిగారు.

"ఏందక్కా ఈయన?" నీలిమ మండిపడింది. "మా ఇంటికొస్తే నా సంగతి మా గేదెనడిగేట్టున్నాడు. వారమైంది, పాఠం ఎప్పుడు మొదలుపెడతాడంట?"

ఆ మర్నాడు వెంకటేష్ అనే ఆయన, తమ్ముడి భార్య యశోదను వీల్‌చైర్లో తీసుకొచ్చాడు.

"ఈమెకి ఏమైంది?" నీలిమ ఆయన్నే అడిగింది.

"గ్యాస్ నొప్పమ్మా. మాత్రలిస్తే పోతాం, బస్సుంది."

యశోద పెదవులు బిగించింది. ఆ మొహం నీలిమకు బాగా తెలుసు. వారం నుంచి తను పెడుతున్న మొహమే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెంకటేష్‌ను బయట కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని యశోద ఎదురుగా కూర్చుంది.

"మీరు చెప్పండక్కా."

"నెల తప్పిందమ్మా. నిన్నటి నుంచి కొంచెం రక్తం కనపడతంది. బావగారి ముందు ఎట్టా చెప్పేది?"

స్కానింగులో బిడ్డ గుండె టకటకా కొట్టుకుంటోంది. కదలకుండా పడుకుంటే భయం లేదని లేడీ డాక్టరు చెప్పేదాకా నీలిమ ఊపిరి బిగబట్టుకునే ఉంది. అమ్మయ్య అనుకుని గోడకు చేరగిలబడింది.

సాయంత్రం రామబ్రహ్మం గారు వార్డుకొచ్చి యశోద మంచం పక్కన కూర్చున్నారు.

"ఎట్టా ఉందమ్మా నీకు?"

నేరుగా ఆమెనే అడిగారు. నీలిమకు అప్పుడు తట్టింది. వీల్‌చైర్లో వచ్చిన ఒక్కరి సంగతీ ఈయన పక్కవాళ్లను అడగలేదు. అలా అడిగిందల్లా కాళ్లూ చేతులూ బాగున్న తమ గురించే. మొదటి రోజు నుంచి జరుగుతున్నది పాఠమే.

ఆయన తలెత్తారు. "టీ తాగుతావా నీలిమా?"

ఆమె ఆయన వంక చూడనైనా చూడకుండా యశోద వైపు తిరిగింది.

"అక్కా, ఈయన చక్కెర ఏసుకుంటాడేమో కనుక్కో."

"నవ్వించబాకమ్మా, కదలొద్దన్నారు" అంది యశోద పొట్ట పట్టుకుని.