నీళ్లు చూపించమన్న సుత్తక్క

అందరూ ఆవిడను సుత్తక్క అనేవారు. సుత్తి కొట్టే మనిషని కాదు, ఆవిడ మాట్లాడేదే తక్కువ. సంచిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉండేది, అదీ సంగతి. కాంక్రీటు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యాక, సర్కారు సొమ్ము ఎక్కడెక్కడ మట్టిపాలవుతోందో కనిపెట్టే ఓ చిన్న సంఘంలో చేరింది. కొత్త గోడ కనబడితే చాలు, తట్టి చెవి పెట్టేది. కూతురి అత్తవారింటి గోడను కూడా వదల్లేదు మహాతల్లి! ఆ వియ్యపురాలు ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉంటుంది.

ఆ సంఘం వాళ్లకు ఓ పట్టింపు ఉండేది. సర్కారును అన్నీ బాహాటంగా చెయ్యమంటాం కాబట్టి మనమూ చాటుమాటు పనులు చెయ్యకూడదని, ఏ రోజు ఏం చూడబోతున్నారో ముందే ప్రకటించేవారు. ఈసారి వంతు కాలనీ నీళ్ల ట్యాంకుది. కట్టి ఏళ్లు గడిచినా అందులోకి చుక్క ఎక్కలేదు. "సోమవారం వస్తున్నాం, నిండా నీళ్లు చూపించండి" అని ప్రకటించారు. ఆ మాట రాసింది సుత్తక్కే.

ట్యాంకుకు కాపలా ఆమె తమ్ముడే. పెళ్లాంబిడ్డలతో దాని కిందే ఒక గదిలో ఉండేవాడు. సోమవారం పొద్దున ఫోన్ చేశాడు.

"అక్కా, మీ దెబ్బకి దిగొచ్చారే. మోటారు వేశారు, ట్యాంకు నిండిపోతోంది. జనమంతా బకెట్లతో ఇక్కడే ఉన్నారు."

సుత్తక్క ఫోన్ చెవిన పెట్టుకునే సంచి అందుకుంది. మొన్న తమ్ముణ్ని చూడబోయినప్పుడు ట్యాంకును మోసే స్తంభాలను తట్టింది. లోపలంతా డొల్ల. ఖాళీ ట్యాంకేగా, వీళ్లెలాగూ నింపరు, నివేదికలో రాద్దాంలే అని ఊరుకుంది.

"ఒరేయ్, పిల్లల్ని తీసుకుని దూరంగా పో. అందర్నీ పొమ్మను."

"నేను చెబితే ఎవరు పోతారక్కా?"

ఆటోలో ఆదరాబాదరాగా వెళ్లి, మోటారు వేయించిన ఇంజనీరు ముందు నిలబడింది. "మోటారు ఆపించండి బాబూ. స్తంభాలు మొయ్యవు."

"నిండా చూపించమన్నది మీరేగా మేడమ్" అని ఆయన నవ్వాడు. "ఈవిడకి నీళ్లొచ్చినా ఏడుపే" అని వరసలోంచి ఎవరో అన్నారు. ఒక్కరూ కదల్లేదు.

తమ్ముడొక్కడే నమ్మాడు. భార్యాపిల్లల్ని ఆటో ఎక్కించి, నీళ్లు వదిలేసే వాల్వు తిప్పడానికి స్తంభాల మధ్యకు నడిచాడు. సుత్తక్క అతని చొక్కా పట్టుకుంది. "కాపలావాణ్ని నేనేగా అక్కా" అంటూ ఆమె చెయ్యి విడిపించుకున్నాడు.

ఎన్నడూ వాడని వాల్వు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అతను రెండు చేతులా పట్టి తిప్పుతుండగా పైన ఎక్కడో ఫెళ్లుమంది. అప్పుడు కదిలింది వరస. బకెట్లు వదిలేసి అందరూ పరిగెత్తారు, ఇంజనీరుతో సహా. తమ్ముడు ఇంకా వాల్వు తిప్పుతూనే ఉన్నాడు.